వకాలత్ లేని ప్రశ్న

ప్రశ్న: సర్, నమస్తే. నాకు 38 ఏళ్లు. ఎల్బీనగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో పదమూడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఎక్కువగా భూమి కేసులే. ఎల్ఎల్ఎం 58 శాతంతో పాసయ్యాను. లాలో పీహెచ్‌డీ చేయాలని ఎప్పటినుంచో కోరిక. 'తెలంగాణలో భూ చట్టాలు: ఒక విమర్శనాత్మక అధ్యయనం' అని టైటిల్ కూడా అనుకున్నాను. నా దగ్గరే రెండు వందల ఫైళ్లున్నాయి, మెటీరియల్‌కి కొదవ లేదు. మా సీనియర్ గారు మాత్రం 'బోర్డు మీద డాక్టర్ అని రాసుకుంటే ఫీజు పెరుగుతుందా అమ్మా' అని నవ్వారు. మెల్‌బోర్న్‌లో ఉండే మా మరిది, ప్రాక్టీసులో ఉన్నవాళ్ల కోసం ఎస్‌జేడీ అని వేరే డాక్టరేట్ ఉంటుంది, అది చేయమంటున్నాడు. ఆన్‌లైన్‌లో అయిపోతుందని ఇంకొకరు. సనదు (ప్రాక్టీసు లైసెన్సు) వదులుకోకుండా చేయవచ్చా? గైడ్‌ని ఎలా పట్టుకోవాలి? ఇంటర్ దాకా నాది తెలుగు మీడియం, ఇంగ్లిష్‌లో మూడు వందల పేజీలు రాయగలనా? పాప ఎనిమిదో తరగతి.
– ఒక న్యాయవాది, వనస్థలిపురం

సమాధానం: మీ సీనియర్ గారి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తానమ్మా. పెరగదు. బోర్డు మీద 'డాక్టర్' చూసి క్లయింటు వెయ్యి రూపాయలు ఎక్కువ ఇవ్వడు సరికదా, కొందరు 'ఏ హాస్పిటల్‌లో చేస్తారు' అని కూడా అడుగుతారు. నన్ను అడిగారు. జడ్జి ఉద్యోగానికీ ఇది అక్కర్లేదు. జిల్లా జడ్జిగా బార్ నుంచి నేరుగా వెళ్లడానికి రాజ్యాంగం 233వ అధికరణం అడిగేది ఏడేళ్ల ప్రాక్టీసు, అది మీకు ఎప్పుడో నిండింది. సీనియర్ అడ్వకేట్ హోదాకి ప్రచురణలకు కూడా మార్కులిచ్చే పద్ధతి 2017లో వచ్చింది గానీ, ఆ మార్కుల లెక్కనే సుప్రీంకోర్టు 2025లో పక్కన పెట్టింది. పాఠాలు చెప్పే ఉద్దేశం ఉంటే కొంత సంగతి ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 2023 జూలై నుంచి నెట్ గానీ సెట్ గానీ (కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్షలు) ఉంటే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ పోస్టులకి మాత్రం అది లేనిదే కుదరదు.

ఇన్ని 'కాదు'లు ముందే ఎందుకంటే, లాభం లెక్క వేసుకుని చేరినవాళ్లు మూడో ఏడు వచ్చేసరికి మెల్లగా కనబడకుండా పోవడం నేను చాలాసార్లు చూశాను. మీ ఉత్తరంలో ఫీజు ప్రస్తావన తెచ్చింది మీ సీనియర్ గారే తప్ప మీరు కాదు. అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

మీ మరిది చెప్పింది అబద్ధమేం కాదు. ఆస్ట్రేలియాలో డాక్టరేట్లు రెండు రకాలు. ఒకటి మామూలు పరిశోధన డాక్టరేట్. రెండోది, వృత్తిలో ఉన్నవాళ్లు ఆ వృత్తిలోంచే సమస్యను తెచ్చుకుని దానిమీద పరిశోధన చేసే ప్రొఫెషనల్ డాక్టరేట్. వాళ్ల అర్హతల వరుసలో రెండూ పదో మెట్టు మీదే ఉంటాయి, అదే అన్నిటికన్నా పై మెట్టు. రెండో రకంలోనూ కనీసం రెండేళ్ల పని పరిశోధనే అయి ఉండాలి. లాలో ఎస్‌జేడీ అక్కడ ఈ కోవలోకి వస్తుంది. అమెరికాలో అదే పేరుతో ఉన్నది వేరు సంగతి. ఎల్ఎల్ఎం తర్వాత, ఎక్కువగా టీచింగ్ వైపు వెళ్లేవాళ్లు చేస్తారు దాన్ని. అక్కడి జేడీ (జ్యూరిస్ డాక్టర్) పేరులో 'డాక్టర్' ఉన్నా అది మన ఎల్ఎల్‌బీలాగా మొదటి లా డిగ్రీయే. పెళ్లి సంబంధాల దగ్గర ఈ తేడా తెలియక బోల్తా పడ్డవాళ్లున్నారు, అది ఇంకో రోజు. మన దగ్గర ఎల్ఎల్‌డీ అని ఒకటుంది గానీ అది పీహెచ్‌డీ దాటాక. కాబట్టి వనస్థలిపురంలో కాపురం ఉంటూ మీరు చేయగలిగింది పీహెచ్‌డీయే. మీ మరిది మెచ్చుకున్న గుణాన్ని, అంటే కోర్టు వరండాలో పుట్టిన ప్రశ్నని, ఆ పీహెచ్‌డీలోకి తెచ్చుకోవడానికి ఎవరూ అడ్డం చెప్పరు.

ఆన్‌లైన్ మాట మాత్రం మర్చిపోండి. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పీహెచ్‌డీ నడపకూడదని 2022 యూజీసీ నిబంధనల్లోనే ఉంది. విదేశీ విశ్వవిద్యాలయాల పేరుతో ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ కలిసి అదే ఏడాది అక్టోబర్‌లో హెచ్చరించాయి.

ఇక అసలు సంగతి, మీ టైటిల్.

'తెలంగాణలో భూ చట్టాలు: ఒక విమర్శనాత్మక అధ్యయనం.' ఇది ప్రశ్న కాదమ్మా, బీరువా. ఇందులో 1949 నాటి జాగీర్ల రద్దు, 1950 కౌలుదారీ చట్టం, ఇనాములు, సీలింగ్, అసైన్డ్ భూములు, పాస్‌బుక్కులు అన్నీ పడతాయి. ఆరేళ్లలో ఒక మనిషి వీటిమీద రాయగలిగింది గైడుబుక్కే. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల శోధ్‌గంగలో దేశంలోని థీసిస్‌లు ఉచితంగా చదువుకోవచ్చు. అందులో 'విమర్శనాత్మక అధ్యయనం' అని ఇంగ్లిష్‌లో కొట్టి చూడండి. ఈ మాట తోకగా ఉన్న థీసిస్‌లు ఎన్ని వస్తాయో చూశాక, ఆ మాటను మీరే కొట్టేస్తారు.

మీ పదమూడేళ్లలో మీరు కళ్లారా చూసిన ఒక ముక్కను తీసుకుందాం. 1971 పాస్‌బుక్కుల చట్టం కింద తహసీల్దార్ ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీవో దగ్గర అప్పీలు, ఆపైన జాయింట్ కలెక్టర్ దగ్గర రివిజన్ ఉండేవి. 2020 చట్టం వచ్చి రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది. ఆ అక్టోబర్ 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. పెండింగ్ కేసులు ట్రిబ్యునళ్లకు వెళ్లాయి, కొత్త గొడవలకు అప్పీలు అనే తలుపు మూసుకుపోయింది. తర్వాత భూ భారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చి అప్పీళ్లను మళ్లీ తెచ్చింది. మధ్యలో నాలుగున్నరేళ్లు. తలుపు మూసినంత మాత్రాన గొడవలు ఆగవు కదా, మరి ఎటు పోయాయి? రిట్లుగా హైకోర్టుకా? ఇంజంక్షన్ సూట్లుగా మీ ఎల్బీనగర్‌కా? కలెక్టరేట్‌లో దరఖాస్తులుగానా? లేక చిన్న రైతు ఫీజు కట్టలేక ఊరకుండిపోయాడా? ఒక జిల్లా, నాలుగున్నరేళ్లు, ఒకే ఒక్క ప్రశ్న. ఇది పీహెచ్‌డీ. దీని జవాబు మీకూ తెలియదు, నాకూ తెలియదు, అదే దీని విలువ.

ఇది నచ్చకపోతే సాదాబైనామాలున్నాయి. తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోళ్లను క్రమబద్ధం చేసే వీలు 1971 చట్టంలో 5-ఏ సెక్షన్ కింద ఉండేది, 2020 చట్టంలో దానికి చోటు లేకపోయింది, 2025 చట్టం మళ్లీ చోటిచ్చింది. మధ్యలో ఆ కాగితం పట్టుకున్న మనిషికి చట్టం దృష్టిలో ఏ హోదా ఉంది? ఇది తీర్పులు చదివి తేల్చాల్సిన ప్రశ్న. మొదటిది లెక్కలు తీసి, మనుషులను కలిసి తేల్చాల్సింది. మీరు ఏ రకం పని చేయగలరో మీకే తెలియాలి. రెండూ చేస్తానని సినాప్సిస్‌లో (పరిశోధన ప్రణాళికలో) రాసినవాళ్లు చివరికి రెండూ సగం సగం చేస్తారు.

మొదటి ప్రశ్నలో ఒక చిక్కుంది, దాన్ని చూడగలిగేది మీలాంటివాళ్లే. ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో చట్టం పేరు పెట్టి వెతికితే పాస్‌బుక్కు గొడవలు దొరకవు. ఎందుకంటే ప్లెయింట్ (దావా పత్రం) మీద మన వాళ్లు వేసేది 'ఆర్డర్ 7 రూల్ 1' అనే, అంటే ఏ దావాకైనా వేసే మామూలు నిబంధనే. బయటినుంచి వచ్చిన పరిశోధకుడు వెబ్‌సైట్ చూసి 'సివిల్ కోర్టుకు ఈ కేసులు పెద్దగా రాలేదు' అని ధీమాగా రాసేస్తాడు. మీరు ప్లెయింట్ రెండో పేరా చదివి, ఇది ధరణిలో పేరు ఎక్కకపోవడం వల్ల పుట్టిన ఇంజంక్షన్ సూటా కాదా అన్నది అర నిమిషంలో చెప్పేస్తారు. వృత్తిలోంచి పరిశోధనకు వచ్చేవాళ్లకున్న బలం ఇదే.

బలహీనతా అక్కడే ఉంది. రెండు వందల ఫైళ్లున్నాయన్నారు. అవి మీవి కావు, క్లయింట్లవి. వృత్తిలో భాగంగా క్లయింటు చెప్పిన మాట, చూపిన కాగితం అతని అనుమతి లేకుండా బయటపెట్టకూడదని ఎవిడెన్స్ యాక్ట్ 126వ సెక్షన్‌లో చదువుకున్నాం. ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియమం 132. పేరు మార్చి, ఊరు మార్చి రాస్తానంటారేమో. సర్వే నంబరు, విస్తీర్ణం, అన్నదమ్ముల తగాదా చెబితే ఆ మండలంలో ఎవరి కథో టీ కొట్టువాడు కూడా చెప్పేస్తాడు. కోర్టులో బహిరంగంగా ఉన్నవే వాడండి: తీర్పులు, డిక్రీలు, రికార్డులోకి ఎక్కిన ప్లీడింగులు. సంబంధం లేని వ్యక్తిగా సర్టిఫైడ్ కాపీ కావాలంటే కారణం చూపిస్తూ అఫిడవిట్ వేయాలని మీకు నేను చెప్పనక్కర్లేదు. మీరు వకాలత్ వేసిన కేసులను శాంపిల్‌లోంచి పూర్తిగా తీసేసి, ఎందుకు తీసేశారో మెథడాలజీ అధ్యాయంలో ఒక పేరా రాయండి. పరీక్షకులకు మీమీద గౌరవం కలిగేది ఆ పేరా దగ్గరే.

ఫైళ్లకన్నా కష్టం ఇంకొకటుంది. నేను కూడా ఏడేళ్లు సిటీ సివిల్ కోర్టులో తిరిగి పరిశోధనకు వచ్చినవాణ్నే. నా నాలుగో అధ్యాయంలో నా వాదనకు అడ్డం వచ్చిన మూడు తీర్పులను ఫుట్‌నోట్‌లోకి తోసేసి, 'ఇవి వేరే వాస్తవాలపై ఆధారపడినవి' అని ఒక్క వాక్యంతో దులిపేసుకున్నాను. కోర్టు భాషలో డిస్టింగ్విష్ చేశానన్నమాట. మన అన్నం అదే కదా. గైడ్ గారు ఆ ఫుట్‌నోట్ చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన రెండే మాటలు రాశారు: 'ఎవరి తరఫున?' నాకు కోపం వచ్చింది. రెండు వారాలు ఆయన గది వైపు వెళ్లలేదు. తర్వాత కూర్చుని ఆ మూడు తీర్పులూ సరిగ్గా చదివితే, నా అధ్యాయమంతా తలకిందులైంది. మళ్లీ రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది. థీసిస్‌లో ఇప్పటికీ నేను సిగ్గుపడకుండా చూపించగల భాగం అదొక్కటే.

వకీలు ముందు జవాబు తెలుసుకుని ప్రశ్న వేస్తాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో జవాబు తెలియని ప్రశ్న వేయొద్దని మీ సీనియర్ గారే మీకు మొదటి ఏడాది నేర్పి ఉంటారు. పరిశోధనలో జవాబు తెలియని ప్రశ్న తప్ప మరొకటి వేయకూడదు. 2020 చట్టం మీద మీకు గట్టి అభిప్రాయం ఉండే ఉంటుంది, మీ క్లయింట్ల కష్టం చూసి ఏర్పడినదే అయి ఉంటుంది. లెక్కలు తీశాక, అప్పీలు లేకపోయినా గొడవలు త్వరగా తెమిలాయని తేలితే? రాయగలరా? రాయలేననిపిస్తే థీసిస్ వద్దు, మంచి రిట్ వేయండి. అదీ గౌరవమైన పనే.

ఇప్పుడు ఆఫీసు పనులు. 2022 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్‌లో లేని ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు. మీ 58కి ఇబ్బంది లేదు. ప్రవేశం విశ్వవిద్యాలయం సొంత పరీక్ష ద్వారా గానీ, నెట్ మార్కుల ద్వారా గానీ. సొంత పరీక్ష అయితే సగం ప్రశ్నలు పరిశోధన పద్ధతి మీద, సగం లా మీద. రాతపరీక్షకు 70, ఇంటర్వ్యూకి 30 వెయిటేజీ. నెట్‌లో లా కోడ్ 58. 2024 జూన్ నుంచి ఆ పరీక్షలోనే 'పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే' అనే కేటగిరీ కూడా పెట్టారు, ఆ మార్కులు ఏడాదిపాటు చెల్లుతాయి. దీనికి వయసు అడ్డు లేదు. నెలకు 37,000 ఇచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. దాని వయసు 30, మహిళలకు అయిదేళ్ల సడలింపు కలిపినా 35 దగ్గర ఆగిపోతుంది.

పార్ట్‌టైంలో చేయనిస్తారు. చదువుకోనిస్తున్నాం, పరిశోధనకు సమయం ఉంటుంది, కోర్సువర్కుకి (మొదట్లో హాజరవ్వాల్సిన తరగతులకు) అవసరమైతే వదిలిపెడతాం అని యజమాని నుంచి నిరభ్యంతర పత్రం అడుగుతారు. సొంతంగా ప్రాక్టీసు చేసే అడ్వకేట్‌కి యజమాని ఎవరు? ఈ ప్రశ్న వేస్తే కౌంటర్ దగ్గర గుమాస్తా కూడా తల గోక్కుంటాడు. నోటిఫికేషన్‌లో ఆ వాక్యం ఎలా రాశారో చూసి, దరఖాస్తుకు ముందే విశ్వవిద్యాలయాన్ని లిఖితపూర్వకంగా అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి. పార్ట్‌టైంలో ఉంటే సనదు జోలికి ఎవరూ రారు. రేపు ఏదైనా లా కాలేజీలో పాఠం చెప్పమన్నా, రోజుకు మూడు గంటలు మించకుండా చెప్పుకోవచ్చని అడ్వకేట్ల కోసం 1979 నుంచే నిబంధనలున్నాయి. ఫుల్‌టైంలో చేరి ఫెలోషిప్ తీసుకునే ఉద్దేశం ఉంటే మాత్రం బార్ కౌన్సిల్‌ని ముందే అడగాలి.

మీకు దగ్గరి దారి ఉస్మానియా. క్యాంపస్‌లో లా కాలేజీ ఉంది, బషీర్‌బాగ్‌లో పీజీ లా కాలేజీ ఉంది. నల్సార్ 1998లో పెట్టిన జాతీయ లా విశ్వవిద్యాలయం, అయితే షామీర్‌పేట మీ ఇంటి నుంచి ఊరికి ఆ చివర. కోర్సువర్కు రోజుల్లో ఆ ప్రయాణం కూడా లెక్కలోకే వస్తుంది.

గైడ్‌ని 'పట్టుకోవడం' అన్నారు. అందరూ అదే మాట అంటారు, బస్సును పట్టుకున్నట్టు. ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్ల లోపున్నవారు కొత్తవాళ్లను తీసుకోకూడదు. అంచేత 'మీ దగ్గర ఖాళీ ఉందా, ఎప్పుడు రిటైరవుతున్నారు' అన్న రెండు ప్రశ్నలు మర్యాదగా ఆఫీసులో కనుక్కోండి. తర్వాత ఆ మనిషి రాసినవి ఏవైనా రెండు చదివి, మీ ప్రశ్నను ఒకే పేజీలో రాసుకుని వెళ్లండి. స్వీట్ డబ్బాతో వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు, ఒక పేజీతో వెళ్లేవాళ్లు తక్కువ. పేరున్న గైడ్ కన్నా, పంపిన అధ్యాయాన్ని నెలలోపు తిరిగిచ్చే గైడ్ మేలు. ఇది ఎవరినడిగి తెలుసుకోవాలంటే, ఆయన దగ్గర ఇప్పుడు చేస్తున్నవాళ్లని, క్యాంటీన్‌లో.

ఇంగ్లిష్ గురించి మీరు భయపడాల్సినంత లేదు. పదమూడేళ్లుగా ప్లెయింట్లు, కౌంటర్లు మీరు ఇంగ్లిష్‌లోనే రాస్తున్నారు. భయపడాల్సింది ఆ కోర్టు ఇంగ్లిష్ గురించే. 'మోస్ట్ రెస్పెక్ట్‌ఫుల్లీ సబ్మిటెడ్', 'ఇట్ ఈజ్ ఎ సెటిల్డ్ ప్రిన్సిపుల్' లాంటివి ఒక్కొక్కటిగా వదిలించుకోవాలి. సెటిల్ అయిపోతే ఇక మీ పరిశోధన దేనికి? తెలుగు మీడియం మీకు ఆస్తి కూడా. రైతుతో, ఊళ్లో రెవెన్యూ సిబ్బందితో మాట్లాడేటప్పుడు దుబాసీ అక్కర్లేదు. పహాణీ, సేత్వార్, విరాసత్ లాంటి రెవెన్యూ మాటలకు అర్థమేమిటో పక్కవాళ్లని అడగక్కర్లేదు. థీసిస్ రాసిపెడతామనేవాళ్లు మార్కెట్లో చాలామంది ఉన్నారు, ఎటూ మీ నంబరు సంపాదిస్తారు. 2018 నిబంధనల కింద కాపీ 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కృత్రిమ మేధతో రాయించుకుంటే లేని తీర్పును ఉన్నట్టు చూపించే ప్రమాదం వేరే. కోర్టులో అయితే జడ్జి ఒకసారి తిట్టి వదిలేస్తారేమో, థీసిస్‌లో అది మీ పేరుతో శోధ్‌గంగలో ఎప్పటికీ ఉంటుంది.

సమయం సంగతి. కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల గడువు. రీరిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండు, మహిళలకు అదనంగా మరో రెండు, మొత్తం పదేళ్ల దాకా వెళ్లొచ్చు. ఆ పదేళ్లను చూసి ధైర్యపడకండి, పని తెమలకుండా సాగుతూ పోయేది దానివల్లే. మీ పాప పదో తరగతి ఏడాది, మీ కోర్సువర్కు ఏడాది ఒకటి కాకుండా చూసుకోండి. అంటే ఈ ఏడే చేరడమో, పాప ఇంటర్‌లో పడ్డాక చేరడమో. మే నెల కోర్టు సెలవులు, దసరా, సంక్రాంతి రాతకు. వాయిదాలున్న రోజు సాయంత్రం రాద్దామనుకోవడం ఆశే, నేను నాలుగేళ్లు ఆ ఆశతోనే గడిపాను. ఆ సాయంత్రాల్లో చదివి కార్డు రాసుకోవడం వరకు అవుతుంది. ఇంట్లో ఎవరు ఏ పని తీసుకుంటారో చేరకముందే మాట్లాడుకోండి. మీ ఉత్తరంలో సీనియర్ ఉన్నారు, మరిది ఉన్నాడు, పాప ఉంది, మీ ఆయన మాట మాత్రం ఒక్కటీ లేదు.

నోటిఫికేషన్ వచ్చేలోపు చేయాల్సిన పని ఒకటుంది. మీరు వకాలత్ వేయని ముప్పై తీర్పులు తీసుకోండి. 2020 అక్టోబర్ తర్వాత దాఖలైనవి, మీ జిల్లావి, పాస్‌బుక్కు గొడవతో మొదలైనవి. ఒక్కో దానికి అర పేజీ: ఎవరు వచ్చారు, ఏం అడిగారు, అంతకుముందు ఎక్కడెక్కడ తిరిగారు, ఎన్ని రోజులు పట్టింది. అందులో మీ అభిప్రాయం ఒక్క మాట కూడా ఉండకూడదు. ముప్పై అయ్యాక, మీరు ఊహించనిది ఒక్కటైనా కనబడితే దాన్ని ఒక పేజీలో రాసి నాకు పంపండి. పైన టైటిల్ రాయకండి.